టాంగ్‌మియర్ విమాన మ్యూజియం: చిన్నదని తీసిపారేయకండి

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో ఉంటున్నవాళ్ళు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు లండన్ ఐ, టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మలు అన్నీ చూపించేశాక ఇంకెక్కడికి తీసుకెళ్ళాలా అని తల పట్టుకునేవాళ్ళు, ఒక రోజు తీరిగ్గా పెట్టుకుని వెస్ట్ ససెక్స్‌లో చిచెస్టర్ పక్కనున్న టాంగ్‌మియర్ మిలిటరీ ఏవియేషన్ మ్యూజియంకి వెళ్ళి రండి. నాకు విమానాలంటే పెద్ద పిచ్చేమీ లేదు. మెకానిక్‌గా ఆర్టీసీ డిపోలో రిటైరైన మా నాన్న కోసం వెళ్ళాను. బయటికొచ్చేసరికి ఆయన కంటే నేనే ఎక్కువ మాట్లాడుతున్నాను. లండన్ హెండన్‌లో ఉన్న ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియం దీనికి ఎన్నో రెట్లు పెద్దది, అదీ బావుంటుంది, కానీ అక్కడ విమానాల్ని చూస్తాం, ఇక్కడ మనుషుల గురించి తెలుసుకుంటాం. పైగా రెండో ప్రపంచ యుద్ధం జరిగిన నేల మీదే నిలబడి తెలుసుకుంటాం. ఆ తేడా నాకు చాలా పెద్దదిగా అనిపించింది.

వెళ్ళే దారి సంగతి. కారుంటే ఏ గొడవా లేదు, చిచెస్టర్‌కి తూర్పున నాలుగైదు కిలోమీటర్లు, ఏ27 రోడ్డు మీంచి దిగితే ఊళ్ళోకి వచ్చేస్తారు, పార్కింగ్ మ్యూజియం ముందే ఉంది. రైల్లో వచ్చేవాళ్ళు లండన్ విక్టోరియా నుంచి చిచెస్టర్‌కి వచ్చి అక్కణ్ణించి బస్సో టాక్సీయో పట్టుకోవాలి. చలికాలంలో కొన్ని వారాలు మూసేస్తారు కాబట్టి తేదీలు, టికెట్ ధర వాళ్ళ వెబ్‌సైట్లో చూసుకుని బయల్దేరండి. బయటి నుంచి చూస్తే పొడుగాటి షెడ్లు, పచ్చిక, దాని మీద నాలుగైదు జెట్ విమానాలు, అంతే. ఇంత దూరం వచ్చింది దీనికోసమా అని పక్కవాళ్ళు మొహం మాడ్చుకుంటే పట్టించుకోకండి, లోపలికి పదండి.

ఈ ఎయిర్‌ఫీల్డ్ పుట్టిన కథే బావుంటుంది. 1916లో ఒక పైలట్ విమానానికి ఏదో ఇబ్బంది వచ్చి ఇక్కడి పొలంలో దించేశాడు. దించాక చూస్తే నేల చదునుగా, తెరిపిగా, విమానాలకి భలే అనువుగా ఉందనిపించి పైవాళ్ళకి చెప్పాడు. మరుసటి ఏడాదే సైన్యం ఆ భూమి తీసుకుంది. అలా దొరికిన చోటు ఇరవై మూడేళ్ళ తర్వాత ఇంగ్లండ్ దక్షిణ తీరానికి కాపలా కాసే ముఖ్యమైన ఫైటర్ స్థావరాల్లో ఒకటైంది. ఇక్కణ్ణించి ఇంగ్లిష్ ఛానల్ కూతవేటు దూరం, ఆ ఛానల్ దాటితే ఫ్రాన్స్, 1940 వేసవి నాటికి ఆ ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఉంది. ఈ మూడు ముక్కలూ బుర్రలో పెట్టుకుని లోపలికి వెళ్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతూ పోతుంది. మ్యూజియం మాత్రం 1982లో తెరిచారు. ఎయిర్‌ఫీల్డ్‌ని 1970లోనే మూసేశారు, ఆ తర్వాత రన్‌వేలు పొలాల్లో కలిసిపోయాయి, ఒకప్పుడు విమానాలు తిరిగిన నేల మీద ఇప్పుడు క్యాప్సికం పండించే పెద్ద పెద్ద గాజు షెడ్లున్నాయి.

1940 ఆగస్టు 16. ఈ తేదీ మ్యూజియంలో మాటిమాటికీ ఎదురవుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట వేళ జర్మన్ స్టూకా బాంబర్లు గుంపుగా వచ్చి ఈ స్థావరం మీద పడ్డాయి. హ్యాంగర్లు కూలాయి, నేల మీదున్న విమానాలు కాలిపోయాయి, మనుషులు చనిపోయారు. ఆ బాంబులు పడుతుండగానే 601వ స్క్వాడ్రన్‌కి (విమాన దళానికి) చెందిన బిల్లీ ఫిస్క్ అనే పైలట్ దెబ్బతిన్న తన హరికేన్ ఫైటర్ విమానాన్ని తీసుకొచ్చి ఇక్కడే దించాడు. పారాచూట్‌తో దూకేసి ఉండొచ్చు, దూకలేదు, విమానాన్ని పోగొట్టుకోవడం ఇష్టంలేక దించాడంటారు. ఒళ్ళు కాలిపోయింది, మర్నాడు చిచెస్టర్ ఆసుపత్రిలో చనిపోయాడు. 29 ఏళ్ళు. ఆయన ఇంగ్లిషువాడు కాదు, అమెరికన్, అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగనే లేదు. 1928లోనూ 1932లోనూ మంచు మీద జారే బాబ్‌స్లెడ్ పోటీల్లో ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన మనిషి. డబ్బున్న కుటుంబం, పేరు, పతకాలు అన్నీ ఉండి, తన దేశానికి ఇంకా సంబంధం లేని యుద్ధానికి వచ్చి చేరాడు. ఎందుకు వచ్చి ఉంటాడని మా నాన్న అడిగారు. నేనైతే సమాధానం చెప్పలేకపోయాను.

ఇక నేను ఎక్కువసేపు నిలబడిపోయిన చోటు. చెక్కుచెదరని నున్నటి విమానాల మధ్య ఒక విమానం ముక్కలుంటాయి. నలిగిన రేకులు, మెలితిరిగిన గొట్టాలు, మట్టి రంగు పట్టిన ఇనుము. ఇది 43వ స్క్వాడ్రన్‌కి చెందిన హరికేన్, నంబరు పి3179. నడిపింది సార్జెంట్ డెనిస్ నోబుల్. 1940 ఆగస్టు 30న హోవ్ పట్టణంలో ఇళ్ళ మధ్య రోడ్డులో ముక్కు నేలకేసి గుచ్చుకుని కూలిపోయింది. అప్పట్లో పైపైన దొరికింది తీసి, పైలట్‌కి అంత్యక్రియలు చేసి, గొయ్యి పూడ్చి రోడ్డు వేసేశారు. 56 ఏళ్ళ పాటు ఆ రోడ్డు మీద జనం నడిచారు, కార్లు తిరిగాయి. 1996లో తవ్వి తీస్తే విమానంలో చాలా భాగం, దాంతోపాటు ఆ కుర్రాడి అవశేషాలూ అక్కడే ఉన్నాయి. ఆ అవశేషాల్ని మళ్ళీ గౌరవంగా అతని సొంత ఊళ్ళోని సమాధికే చేర్చారు. చుట్టూ నిగనిగలాడే విమానాల్ని చూస్తూ చూస్తూ వచ్చి దీని ముందు ఆగితే మనిషికి మాట రాదు. నోబుల్‌కి అప్పటికి 20 ఏళ్ళు. మనింట్లో అయితే ఇంజినీరింగ్ చదివే పిల్లాడు. ముక్కల్ని శుభ్రం చేసి కొత్తవాటిలా మెరిపించకుండా ఎలా దొరికాయో అలా పెట్టడం చాలా మంచి పని.

మా నాన్న మాత్రం ఇంజిన్ దగ్గర ఆగిపోయారు. రోల్స్ రాయిస్ మెర్లిన్, 27 లీటర్లది, వీ ఆకారంలో పన్నెండు సిలిండర్లు. హరికేన్‌కీ, ఇంగ్లండ్‌దే ఇంకో ఫైటర్ స్పిట్‌ఫైర్‌కీ రెండింటికీ ఇదే గుండె. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి చూస్తుంటే అక్కడున్న వాలంటీర్, ఆయనా డెబ్భై దాటిన పెద్దాయనే, వచ్చి పలకరించారు. మా నాన్న ఇంగ్లిష్ అంతంత మాత్రం, కానీ పిస్టన్, వాల్వ్, కార్బురేటర్ అన్న మాటలకి అనువాదం అక్కర్లేదు కదా. మిగతాది చేతులతో. కాసేపటికి ఇద్దరూ ఒకే డిపోలో పనిచేసినవాళ్ళలా మాట్లాడుకుంటున్నారు, నేను మధ్యలో అనువాదం చేస్తూ నిలబడ్డాను.

ఆ మాటల్లో బయటపడిన సంగతి ఒకటి చెప్తాను, నాకు ఈ మొత్తం ట్రిప్‌లో బాగా నచ్చినవాటిలో ఇదొకటి. 1940లో మన మెర్లిన్ ఇంజిన్‌కి ఒక జబ్బుండేది (ఇంగ్లండువాళ్ళదే అయినా ఆ గదిలో నిలబడ్డాక మనదే అనిపిస్తుంది). శత్రువు విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి దించి పారిపోతే దాని వెనకే ఇదీ ముక్కు దించేది, అంతే, ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టేది. కారణం కార్బురేటర్, అంటే పెట్రోల్ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం. ముక్కు టక్కున కిందికి దిగగానే అందులో పెట్రోలు నిలవుండే గిన్నెలో (ఫ్లోట్ చాంబర్) పెట్రోలు పైకి ఎగదన్నుతుంది, ముందు ఇంజిన్‌కి పెట్రోలు అందదు, మరుక్షణం అవసరానికి మించి పొంగి ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్‌లో కార్బురేటర్ లేదు, పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి, దానికి ఈ బాధ లేదు. ఇది వినగానే మా నాన్న, “వాళ్ళది మన డీజిల్ బండి లెక్కన్నమాట అమ్మా, ఇంజెక్టర్లు” అన్నారు. నేనది చెప్తే పెద్దాయన పకపకా నవ్వి అవునవునని భుజం తట్టారు.

దీనికి మందు కనిపెట్టింది బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజినీరు. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు. మోటార్ సైకిల్ రేసుల్లో మగవాళ్ళతో పోటీపడి గెలిచిన మనిషి. కొత్త కార్బురేటర్ తయారై ప్రతి విమానానికీ అందేసరికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు, యుద్ధం ఆగదు. అందుకని ఆమె పెట్రోలు వచ్చే దారిలో మధ్యన సన్నటి చిల్లున్న చిన్న లోహపు బిళ్ళ పెట్టించారు. ఇంజిన్‌కి గరిష్టంగా ఎంత కావాలో అంతే పెట్రోలు ఆ చిల్లులోంచి వెళ్తుంది, పొంగడానికి ఎక్స్‌ట్రా ఉండదు. విమానాన్ని విప్పి పక్కన పెట్టకుండానే బిగించేయొచ్చు. 1941 మొదట్లో చిన్న బృందంతో స్థావరం స్థావరానికీ తిరిగి వీటిని బిగించారు, ఆమె స్వయంగా బైకు మీద వెళ్ళేవారట. జబ్బు పూర్తిగా తగ్గడానికి తర్వాత వేరే కార్బురేటర్లు వచ్చాయి కానీ ఆ మధ్యకాలం పైలట్ల ప్రాణాలు నిలబెట్టింది ఈ బిళ్ళే. డిపోలో స్పేర్ పార్టు రాకపోతే ఉన్నదాంతో బండిని రోడ్డెక్కించే పని జీవితమంతా చేసిన మనిషి పక్కన నిలబడి ఈ కథ వినడం నాకు చాలా సంతోషంగా అనిపించింది. ఆయన ఫోన్లో ఆమె పేరు రాయించుకున్నారు.

కోడిపుంజు గురించి కూడా చెప్పాలి. ఈ స్థావరంలో ఎక్కువకాలం ఉన్న 43వ స్క్వాడ్రన్ గుర్తు నల్ల కోడిపుంజు. 1926లో వాళ్ళకి గ్లోస్టర్ గేమ్‌కాక్ అనే విమానాలొచ్చాయి, దాన్నిబట్టి ఆ గుర్తు పెట్టుకున్నారు, వాళ్ళని ఫైటింగ్ కాక్స్ అనేవారు. అచ్చంగా పందెం కోళ్ళే. రెక్కలు విప్పి కాలెత్తి నిలబడ్డ ఆ బొమ్మ చూసి మా నాన్నకి, భీమవరం మనిషికి, ఎంత ఆనందమో.

హైదరాబాద్ సంగతి మాత్రం తెలుగువాళ్ళు తెలుసుకుని వెళ్ళాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్ 9ఏ బాంబర్లు కొన్నారు. హైదరాబాద్ నిజాం బహూకరించినదని ప్రతి విమానం మీదా రాసి ఉండేది. వాటిలో ఒకటి ఇప్పటికీ హెండన్ మ్యూజియంలో ఉంది, చూడొచ్చు. ఆ తర్వాత రెండో యుద్ధానికి వచ్చేసరికి హైదరాబాద్ పేరు మీద ఇంకో రెండు ఫైటర్ స్క్వాడ్రన్లు చేరాయి, 152, 253. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో, అంటే 1940లో ఇంగ్లండ్ మీద ఆకాశంలో జర్మన్లతో జరిగిన పోరులో, 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లతో పడమటి వైపు వార్మ్‌వెల్ నుంచీ, 253వ స్క్వాడ్రన్ హరికేన్లతో లండన్ దక్షిణాన కెన్లీ నుంచీ పోరాడాయి. 152 స్క్వాడ్రన్ గుర్తు ఏంటో తెలుసా, నిజాం తలపాగా! ఇవి టాంగ్‌మియర్ స్క్వాడ్రన్లు కావు, కానీ ఆ 1940 గదుల్లో స్క్వాడ్రన్ నంబర్ల మధ్య తిరుగుతున్నప్పుడు ఇది తెలిసి ఉంటే చూపు మారిపోతుంది. ఆ డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో కూడా ఆలోచించాల్సిందే, తెలంగాణ పల్లెల్లో రైతు కట్టిన శిస్తు అందులో ఉంది. నిజాం పేరు విమానం మీద ఎక్కింది, ఆ రైతు పేరు ఎక్కడా ఎక్కదు. ఈ మాట నేను కోపంగానే అంటున్నాను.

యుద్ధం గాల్లోనే జరిగిందనుకుంటాం గానీ సగం బల్లల మీద జరిగింది. తీరం పొడుగునా రాడార్ టవర్లు, దగ్గర్లోని పోలింగ్‌లో ఒకటి, వైట్ దీవిలో వెంట్నర్ దగ్గర ఒకటి. అవి పట్టిన సమాచారం ఫోన్లలో వస్తుంటే చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఆడపిల్లలు పెద్ద మ్యాప్ బల్ల మీద పొడుగు కర్రలతో బిళ్ళలు జరుపుతుండేవారు. ఏ గుంపు ఎటు వస్తోంది, ఎంత ఎత్తులో వస్తోంది, ఎవర్ని పైకి పంపాలి అన్నది ఆ బల్ల చూసి తేల్చేవారు. లేకపోతే ఆ వేసవంతా విమానాల్ని గాల్లోనే ఉంచి కాపలా కాయాల్సొచ్చేది, అన్ని విమానాలూ లేవు, అంతమంది పైలట్లూ లేరు. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో ఇంగ్లండ్ తరఫున ఎగిరినవాళ్ళు దాదాపు 2,900 మంది, వాళ్ళలో 544 మంది ఆ పోరులోనే చనిపోయారు. హరికేన్‌కున్న ఎనిమిది మెషిన్ గన్లలో గుళ్ళు ఆపకుండా కాలిస్తే పదిహేను సెకన్లకి అటూ ఇటూగా అయిపోతాయి. ఒక మనిషి ప్రాణానికి పదిహేను సెకన్లు.

ఇప్పుడు అసలు నేను ఎవరికైనా చెప్పాలనుకునే భాగం, లైసాండర్ అనే విమానం.

లైసాండర్ చూడ్డానికి అందగత్తె కాదు. రెక్కలు నెత్తిమీద, కదలని లావు చక్రాలు, వేగం తక్కువ. యుద్ధం మొదట్లో పగటిపూట పంపితే తేలిగ్గా కూలిపోయింది. కానీ దానికి ఒక గుణముంది, చిన్న పొలంలో దిగి చిన్న పొలంలోంచి ఎగరగలదు. ఆ గుణంతో దాన్ని రాత్రిపూట గూఢచారుల్ని మోసే బండిగా మార్చారు. పొట్ట కింద అదనపు పెట్రోలు ట్యాంకు, పక్కన దిగడానికి ఒక నిచ్చెన. వీటిని నడిపే 161వ స్క్వాడ్రన్ అసలు స్థావరం దేశం లోపల టెంప్స్‌ఫర్డ్‌లో, కానీ ఫ్రాన్స్‌కి దగ్గరని పౌర్ణమికి అటూ ఇటూ ఉన్న రోజుల్లో టాంగ్‌మియర్ వచ్చి మకాం వేసేవారు. గేటుకి ఎదురుగా ఉన్న ఒక కాటేజీలో పైలట్లూ, వెళ్ళాల్సినవాళ్ళూ భోంచేసి, వెన్నెల చూసుకుని బయల్దేరేవారు. పైలట్ ఒక్కడే. ఒళ్ళో మ్యాప్, కింద వెన్నెల్లో మెరిసే నదులు, అదే దారి. ఫ్రాన్స్‌లో ఎక్కడో ఒక పొలంలో మూడు టార్చిలైట్లు ఎల్ ఆకారంలో పెట్టి ఎవరో ఎదురుచూస్తుంటారు. ముందుగా అనుకున్న అక్షరం మోర్స్ కోడ్‌లో (పొట్టి, పొడుగు మెరుపుల భాషలో) వెలిగితేనే దిగాలి, వెలగకపోతే వెనక్కి. దిగాక మూడు నాలుగు నిమిషాలు, వెళ్ళేవాళ్ళు దిగుతారు, వచ్చేవాళ్ళు ఎక్కుతారు, మళ్ళీ గాల్లోకి.

1943 జూన్ 16 రాత్రి ఇక్కణ్ణించి రెండు లైసాండర్లు వెళ్ళాయి. అందులో నూర్ ఇనాయత్ ఖాన్ ఉంది. ఈ పేరు చాలామంది వినే ఉంటారు, టిప్పు సుల్తాన్ వంశం అని. మనకి ఇంకా దగ్గరి బంధం ఒకటుంది. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ వీణ విద్వాంసుడు, ఆయనకి సూఫీ గురువు దొరికింది హైదరాబాద్‌లో. అక్కడే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పాడి మెప్పు పొందాడు, తర్వాతే పడమటి దేశాలకి వెళ్ళాడు. నూర్ మాస్కోలో పుట్టి పారిస్‌లో పెరిగింది. వీణ నేర్చుకుంది, పిల్లల కోసం జాతక కథలు రాసింది. ప్రాణహింస వద్దని నమ్మే ఇంట్లో పెరిగిన అమ్మాయి. ఫ్రాన్స్ పడిపోయాక కుటుంబంతో ఇంగ్లండ్ చేరి, ఎయిర్‌ఫోర్స్ మహిళా విభాగంలో వైర్‌లెస్ నేర్చుకుని, అక్కణ్ణించి రహస్య దళంలోకి వచ్చింది. అప్పటికి భారతదేశం ఎవరి కింద ఉందో ఆమెకి బాగా తెలుసు, భారత స్వాతంత్ర్యం కోరుకున్న మనిషే.

పారిస్‌లో అడుగుపెట్టి పది రోజులు తిరక్కుండానే ఆమె చేరిన దళాన్ని జర్మన్లు పట్టేయడం మొదలుపెట్టారు. ఒకరి వెనక ఒకరు దొరికిపోయారు. లండన్ వెనక్కి వచ్చేయమంది. తను కూడా వచ్చేస్తే లండన్‌తో మాట్లాడేవాళ్ళు ఉండరని ఆగిపోయింది. పెట్టెలో దాచిన వైర్‌లెస్ సెట్టు మోసుకుంటూ ఇల్లు మారుతూ, చోటు మారుతూ అక్టోబరు దాకా సందేశాలు పంపింది. ఆఖరికి ఎవరో డబ్బుకి పట్టిచ్చారు. పంపిన సందేశాల్ని పుస్తకంలో రాసి ఉంచుకోవడం తప్పని, వాటిని జర్మన్లు వాడుకున్నారని చరిత్రకారులు రాస్తారు, అది నిజమే. కానీ ఆమె నోటి నుంచి మాత్రం వాళ్ళకి ఏమీ రాలేదు. తప్పించుకోబోయి మళ్ళీ దొరికింది, జర్మనీ జైల్లో నెలల తరబడి గొలుసులతో కట్టేశారు. 1944 సెప్టెంబరు 13న దాఖౌ అనే నాజీ నిర్బంధ శిబిరంలో కాల్చి చంపారు. 30 ఏళ్ళు. 1949లో బ్రిటన్ ఆమెకి జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చింది. ఆ రాత్రి ఆ రెండు విమానాల్లో వెళ్ళిన ముగ్గురు ఆడవాళ్ళలో, నూర్, డయానా రౌడెన్, సెసిలీ లెఫోర్ట్, ఒక్కరూ తిరిగి రాలేదు.

ఇదంతా పుస్తకాల్లోనూ దొరుకుతుంది, నిజమే. కానీ గోడ మీద పెట్టిన లైసాండర్ కథ చదివి, తలుపు తీసుకుని బయటికొస్తే ఎదురుగా కనిపించే ఆకాశమే ఆ రాత్రి ఆమె దాటిన ఆకాశం. ఆ నిచ్చెన ఎంత ఇరుకో చూస్తే, చీకట్లో తడుముకుంటూ పెట్టెలతో సహా దిగడం ఎలా ఉంటుందో ఊహకి అందుతుంది. నేను మాత్రం ఒక్క దీనికోసమైనా మళ్ళీ వెళ్తాను.

జెట్ల గురించి తొందరగా చెప్పేస్తాను, వాటికోసమే వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి. 1946 సెప్టెంబరు 7న గంటకి 991 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు కొట్టిన మీటియర్ జెట్, సరిగ్గా ఏడేళ్ళ తర్వాత అదే తేదీన గంటకి 1,171 కిలోమీటర్లు దాటిన ఎర్ర హంటర్, రెండూ ఇక్కడి చరిత్రే. ఇక్కణ్ణించే లేచి పక్కనున్న సముద్రతీరం మీద ఆ రికార్డులు కొట్టారు. ఎర్ర హంటర్ ముక్కు చూస్తే సూదిలా ఉంటుంది, ఫొటోకి బావుంటుంది. లైట్నింగ్, ఫాంటమ్, హారియర్ లాంటివీ ఉన్నాయి. పిల్లలకి ఫ్లైట్ సిమ్యులేటర్లున్నాయి, అక్కడ పిల్లల్ని కదిలించడం కష్టం, అందుకని మిగతాదంతా చూశాకే అటు తీసుకెళ్ళండి.

వాలంటీర్ల గురించి ఒక ముక్క. ఈ మ్యూజియం నడిచేది వాళ్ళ మీదే. మనవాళ్ళకి ఒక అలవాటుంది, ఎవరైనా దగ్గరికొచ్చి “ఏమైనా అడగాలా?” అంటే “థ్యాంక్యూ, చూస్తున్నామంతే” అని జరిగిపోతాం. ఇక్కడ అలా చేయకండి. అడగండి. ఇంగ్లిష్ రాకపోయినా పర్లేదు, మా నాన్నని చూశాక నమ్మకంగా చెప్తున్నాను. బోర్డు మీద నాలుగు లైన్లున్న విషయం వాళ్ళ నోట వింటే నలభై నిమిషాలు పడుతుంది. మాట్లాడకుండా గబగబా నడిస్తే గంటన్నరలో అయిపోతుంది, అప్పుడు ఇంతేనా అనిపించడమూ ఖాయం. పెద్ద స్క్రీన్లు, లైట్లు, బొమ్మలు కదలడం కావాలనుకునేవాళ్ళు, చదవడమంటే విసుగున్నవాళ్ళు వెళ్ళకపోవడమే మంచిది, వాళ్ళ రోజూ పాడు, పక్కవాళ్ళ రోజూ పాడు. నడవలేని పెద్దవాళ్ళుంటే భయం లేదు, అంతా ఒకే అంతస్తు.

తిండికి లోపల చిన్న కెఫే ఉంది, టీ, కేకు, శాండ్‌విచ్ దొరుకుతాయి. మేం పులిహోర కట్టుకెళ్ళాం, ఎండ కాస్తుంటే బయట కూర్చుని తిన్నాం. గాలి మాత్రం సముద్రం వైపు నుంచి సూటిగా కొడుతుంది, జెట్లు బయటే ఉంటాయి కాబట్టి వేసవైనా ఒక జాకెట్ చేతిలో ఉంచుకోండి.

మ్యూజియం అయ్యాక వెంటనే కారెక్కేయకండి. ఊళ్ళోనే సెయింట్ ఆండ్రూస్ చర్చి ఉంది, నడిచే దూరమే. దాని ఆవరణలో ఇక్కడ చనిపోయిన ఆర్‌ఏఎఫ్ వాళ్ళ సమాధులున్నాయి, వాటి పక్కనే ఈ చుట్టుపక్కల కూలిపోయిన జర్మన్ విమానాల్లోని వాళ్ళ సమాధులూ ఉన్నాయి. అదే రకం తెల్లరాళ్ళు, అదే శుభ్రత. రాళ్ళ మీద వయసులు చదివితే ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ తేడా లేదు. ఇంకో పావుగంట టైముంటే దగ్గర్లోనే బాక్స్‌గ్రోవ్ ప్రయరీ చర్చి, బిల్లీ ఫిస్క్ సమాధి అక్కడే, 2008లో ఆయన పేరిట పెట్టిన రంగుటద్దాల కిటికీ కూడా ఉంది. లండన్ తిరిగెళ్ళాక ఎప్పుడైనా యూస్టన్ వైపు పనిపడితే గోర్డన్ స్క్వేర్ పార్కులో నూర్ విగ్రహం ఉంది, 2012లో పెట్టారు. వరసలో మాత్రం టాంగ్‌మియర్ ముందు చూసి, విగ్రహం తర్వాత చూడండి.